విశాఖ రేవు కథలు – 11: ఒప్పందం చదివిన పాదిరి

మద్రాసు రేవులో కూలీలను ఓడ ఎక్కించే ముందు గుమస్తాలు ఒక చిట్టా రాసేవారు. వరస సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు. చివరి గడిలో ఒంటిమీద గుర్తులు. మోచేతి మీద కాలిన మచ్చ, మెడ దగ్గర పుట్టుమచ్చ, అలాంటివి. మనిషి పారిపోతే పట్టుకోవడానికి, చచ్చిపోతే పోల్చుకోవడానికి ఆ గడి పనికొచ్చేది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, పసిఫిక్ సముద్రంలోని ఫిజీకి వెళ్ళిన ఓడల చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో జిల్లా గడి వెంట వేలు పెట్టి చదువుతూ పోతే ఒక పేరు మళ్ళీ మళ్ళీ తగులుతుంది: వైజాగపటం.

అప్పటి వైజాగపటం అంటే నేటి నగరం కాదు. బొబ్బిలి, పాలకొండ, గజపతినగరం, శృంగవరపుకోట, భీమునిపట్నం, అనకాపల్లి, సర్వసిద్ధి, గొలుగొండ, ఎగువన జయపురం కొండలు కూడా అందులోనివే. జిల్లాలో ఎక్కువ భాగం జమీందార్ల ఏలుబడి. వాన పడితే పంట, పడకపోతే షావుకారు. కడుపు చేతపట్టుకుని ఊరు వదలడం ఇక్కడి వాళ్ళకి కొత్త కాదు. ‘రంగం వెళ్ళాడు’ అంటే రంగూన్ వెళ్ళాడని చెప్పకుండానే అందరికీ తెలిసేది. 1907లో జిల్లా గెజిటీర్ రాసిన డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూడా బర్మాకు పోయే ఈ వలసను గమనించాడు. విశాఖలో అప్పటికి ఓడరేవు కట్టలేదు. ఓడలు సముద్రంలో దూరాన లంగరు వేసి నిలబడేవి. మసూలా పడవల్లో అలలమీద ఎగిరెగిరి పడుతూ పోయి వాటిని ఎక్కాలి. బర్మాకు ఇక్కడినుంచే పోవచ్చు. నేటాల్, ఫిజీలకైతే ముందు మద్రాసు డిపో చేరాలి.

గత భాగంలో లండన్ మిషనరీ సొసైటీ కథ చెప్పుకున్నాం. 1805లో జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ ఈ ఊళ్ళో దిగారు. ఆనందరాయర్ అనే పండితుడి సాయంతో సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, మరుసటి ఏడాది డెస్ గ్రాంజెస్ కన్నుమూశారు. వాళ్ళ అనువాదం నుంచి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మిషన్ ఇక్కడ బడులు పెట్టింది, అనాథ పిల్లల్ని చేరదీసింది, తెలుగు గద్యానికి కొత్త అలవాట్లు నేర్పింది. 1846లో వచ్చిన కతోలిక గురువులు, వాళ్ళ వెనుకే వచ్చిన కన్యస్త్రీలు కూడా బడుల దారే పట్టారు. ఆ సేవను తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళలో మొదటి అక్షరం ఆ ఆవరణల్లోంచి వచ్చిందో అందరికీ తెలుసు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. మిషన్ బంగళాల ముందున్న సముద్రం మీదుగానే జిల్లా బీదలు తరలిపోతున్నారు. బడికి వచ్చిన పిల్లవాడికి చదువు చెప్పడం ఒక ధర్మం. ఆ పిల్లవాడి తండ్రి ఏ కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్ళాడో, అందులో ఏం రాసుందో అడగడం ఇంకో ధర్మం. మొదటిది దయతో అయిపోతుంది. రెండోదానికి ప్రభుత్వంతో, కంపెనీలతో, ఒక్కోసారి తన చర్చివాళ్ళతోనే తగువు పడాలి. క్రైస్తవ విశ్వాసం తెలుగు కూలీ విషయంలో ఈ రెండో ధర్మాన్ని ఎలా నేర్చుకుందో ఈ భాగంలో చెబుతాను. అందుకోసం విశాఖ నుంచి చాలా దూరం వెళ్ళాలి.

ముందు ఒంగోలు. 1876–78 ధాత కరువు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పటికి పదేళ్ళుగా అక్కడ ఉన్నాడు. మిషన్‌లో చేరకముందు ఆయన భూమి కొలిచే సర్వేయరు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చిన మాదిగలకీ, మిగతా కులాల వాళ్ళకీ పని చూపించి కూలి ఇప్పించాడు. గంజి కేంద్రం పెట్టి ఊరుకోలేదు. ప్రభుత్వం తవ్విస్తున్న కాలువలోనే పేదవాడి వాటాను వెతికాడు.

అంతకంటే నాకు పెద్దగా కనిపించేది ఇంకొకటుంది. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, వచ్చినవాళ్ళ మనసు నిజంగా ఏమిటో తేలాలని. కరువు సాయం ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె గురించి ప్రపంచమంతా రాసింది. ముందరి నెలల్లో తలుపు మూసి ఉంచిన నిగ్రహం గురించి ఎక్కువమంది రాయలేదు. రొట్టె ఇచ్చే చేయి ప్రార్థన అడగకూడదన్న పట్టింపు అది. బీదల సేవ చేసే ఏ మతానికైనా ఇదే గీటురాయి అని నేననుకుంటాను.

అలా మొదలైన తెలుగు బాప్టిస్టు సంఘాలు ఒక తరం తిరిగేసరికి తమ కాళ్ళమీద నిలబడ్డాయి. ఆ సంఘాల జనంలో కొందరు కూలీలుగా నేటాల్ చేరారు. డర్బన్‌కు ఉత్తరాన స్టాంగర్ దగ్గర కియర్స్నీ అనే చోట లీజ్ హ్యూలెట్ అనే పెద్ద తోటల యజమానికి తేయాకు తోట ఉండేది. అక్కడ పనిచేస్తున్న తెలుగు విశ్వాసులు తమకొక కాపరి కావాలని స్వదేశానికి కబురు పెట్టారు. విదేశీ మిషన్ డబ్బుతో కాకుండా, తెలుగు బాప్టిస్టులే చందాలు వేసుకుని నడుపుకుంటున్న సంఘం నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను పంపింది. 1903 మధ్యలో ఆయన కుటుంబంతో డర్బన్‌లో దిగారు. ఆ డిసెంబరులోనే కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

మిషన్ చరిత్రల్లో మనకు అలవాటైన బొమ్మ ఒకటుంది: తెల్లదొర ఇస్తాడు, నల్లవాడు పుచ్చుకుంటాడు. రంగయ్య ఆ బొమ్మను తిరగేశారు. ఒంగోలు, నెల్లూరు పల్లెల్లో అంటరానివాళ్ళంటూ ఊరివాళ్ళు బయట ఉంచిన జనం అణా పైసలు కూడబెట్టి సముద్రం అవతలికి ఒక గురువును పంపారు. ఆయన తోటల వెంట తిరిగి ఆరాధనలు జరిపారు, బడులు పెట్టించారు, తెలుగు చదవడం నేర్పించారు. అక్కడ వైజాగపటం వాడు, నెల్లూరు వాడు, చిత్తూరు వాడు ఒకే వరస గదుల్లో ఉండేవారు. తెలుగు మాట వినిపించే చోటు ఏదైనా వాళ్ళకి పుట్టిల్లే. చివరి ఏళ్ళలో దొరల సంఘంతో పొసగక, 1914లో రంగయ్య భారతీయ బాప్టిస్టుల కోసం విడిగా ఒక సంఘం నిలబెట్టారు. 1915లో అక్కడే మరణించారు.

కాని రంగయ్య చేతిలో లేనిదొకటి ఉంది. నేటాల్ చట్టం.

ఆ చట్టాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. నేటాల్‌లో కూలీ ఒప్పందం ఐదేళ్ళు. మొదటి ఏడాది నెలకి పది షిల్లింగులు, ఏడాదికొక షిల్లింగు చొప్పున పెరిగి ఐదో ఏట పద్నాలుగు. ఐదేళ్ళు అయ్యాక ఆ మనిషి స్వతంత్రుడై కూరగాయలు పండించుకోవడం, చిన్న దుకాణం పెట్టుకోవడం తెల్లవాళ్ళకి కంటగింపయింది. 1895లో ఒక చట్టం చేశారు. గడువు తీరిన కూలీ ఇండియా తిరిగి పోవాలి, లేదా మళ్ళీ ఒప్పందంలో చేరాలి, రెండూ కాకపోతే ఏటా మూడు పౌన్లు పన్ను కట్టాలి. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏడాది జీతం లెక్కన ఆరు నెలల కష్టం. తర్వాత ఆ పన్నును పదహారేళ్ళు దాటిన మగపిల్లలకీ, పదమూడు దాటిన ఆడపిల్లలకీ కూడా వేశారు. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడాదికి పన్నెండు పౌన్లు. కట్టలేనివాడు మళ్ళీ తోటకే పోవాలి. బొబ్బిలి తాలూకా నుంచి ఐదేళ్ళకని వెళ్ళినవాడు పదిహేనేళ్ళయినా రాకపోవడానికి సగం కారణం ఈ అంకెల్లోనే ఉంది.

1913 అక్టోబరు, నవంబరుల్లో ఈ పన్ను మీదే నేటాల్ బొగ్గు గనుల కూలీలు పని మానేశారు. చెరకు తోటలూ కదిలాయి. ఆ పోరాటం నడిపిస్తున్న గాంధీ జైల్లో ఉన్నారు. గోపాలకృష్ణ గోఖలే ఇక్కడినుంచి ఇద్దర్ని పంపారు. ఒకరు డబ్ల్యూ. డబ్ల్యూ. పియర్సన్, ఇంకొకరు ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీలో పాఠాలు చెబుతున్న ఆంగ్లికన్ గురువు చార్లెస్ ఫ్రీయర్ ఆండ్రూస్. 1914 జనవరి మొదట్లో డర్బన్ రేవులో దిగగానే, అప్పటికి విడుదలైన గాంధీ ఎవరో కనుక్కుని ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకాడు. తెల్ల పత్రికలు మండిపడ్డాయి. ఆ నెలలోనే గాంధీకీ దక్షిణాఫ్రికా మంత్రి జనరల్ స్మట్స్‌కీ మధ్య రాజీ కుదరడంలో ఆయన చేయి ఉంది. ఆ ఏడాది జూలైలో వచ్చిన చట్టం మూడు పౌన్ల పన్నును కొట్టేసింది.

నేటాల్‌లో ఆండ్రూస్ ఒక దృశ్యం చూశాడు. తోట నుంచి పారిపోయి వచ్చిన కూలీ, వీపు మీద కొరడా దెబ్బలు. ఆ మనిషి ఆయన్ని వదల్లేదు. 1915లో కలరా నుంచి కోలుకుంటున్నప్పుడు ఆ కూలీ రూపమే కళ్ళముందు నిలిచి, చూస్తూండగా అందులో క్రీస్తు ముఖం కనబడిందని రాసుకున్నాడు. ఇలాంటి దర్శనాలు భక్తుల చరిత్రల్లో చాలా ఉంటాయి. సాధారణంగా వాటి తర్వాత భక్తుడు కొండ ఎక్కుతాడు, లేదా కీర్తన రాస్తాడు. ఆండ్రూస్ ఫిజీకి టిక్కెట్టు కొన్నాడు.

నేటాల్ ద్వారం అప్పటికే మూతపడింది. గోఖలే పట్టుబట్టగా 1911 నుంచి అక్కడికి కూలీల ఎగుమతి ఆగింది. ఫిజీ ద్వారం తెరిచే ఉంది. 1903 నుంచి మద్రాసు ఓడలు కూడా అక్కడికి పోతున్నాయి. ఫిజీకి పోయిన మొత్తం అరవై వేల పైచిలుకు మందిలో సుమారు 15,000 మంది దక్షిణాది వాళ్ళు. ఉత్తర ఆర్కాటు, మద్రాసులతో పాటు కృష్ణా, గోదావరి, వైజాగపటం జిల్లాలు కూడా వాళ్ళ పుట్టినిళ్ళలో ముఖ్యమైనవి.

1915 చివర్లో ఆండ్రూస్, పియర్సన్ ఫిజీలో తిరిగారు. వాళ్ళు చేసిన పని నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది చిల్లరమల్లర పని. కూలీ లైన్లలోకి పోయి గదులు చూశారు. ఒక్కో గది పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు ఒంటరి మగవాళ్ళో, పిల్లలతో ఒక సంసారమో. కోర్టు కాగితాలు చూశారు, ఆసుపత్రులు చూశారు, తోటల యజమానులతో కూర్చుని వాళ్ళ వాదన కూడా విన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, కూలీ చేత వేలిముద్ర వేయించుకున్న ఒప్పంద పత్రాన్ని మాట మాటా చదివారు.

ఆ పత్రంలో మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు అని ఉంది. షిల్లింగంటే పన్నెండు అణాలని కూడా ఉంది. ఊళ్ళో రోజంతా వంగి నాటినా రెండు మూడణాలు దక్కని మనిషికి పన్నెండణాల మాట చెవిన పడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఫిజీలో బియ్యం ధర ఎంతో ఆ కాగితం చెప్పదు. రోజుకి ఇంత అని కొలిచి ఇచ్చిన పని పూర్తయితేనే ఆ షిల్లింగు చేతికొస్తుందని రైతుకి తట్టదు. పనికి రాకపోతే, కొలత పూర్తి చేయకపోతే అది నేరమనీ, మెజిస్ట్రేటు జరిమానా వేస్తాడనీ, జైలుకి పంపుతాడనీ అందులో ఒక్క ముక్క లేదు. ఆండ్రూస్ వేలుపెట్టి చూపించింది ఇక్కడే. కూలీ తను సంతకం చేసింది పని ఒప్పందం అనుకున్నాడు. అది నిజానికి శిక్షా స్మృతి.

ఇంకొక అంకె ఉంది, అది రాయడానికి నాకు చేయి ఆడదు. ప్రతి 100 మంది మగవాళ్ళకి 40 మంది ఆడవాళ్ళని పంపాలన్నది నిబంధన. ఆ నలభై లెక్క సరిపెట్టడానికి రిక్రూటర్లు ఎవర్ని దొరికితే వాళ్ళని, మోసపోయిన వాళ్ళని, ఇంట్లో తగాదాపడి రోడ్డెక్కిన వాళ్ళని తీసుకుపోయారు. లైన్లలో ఆడదాని బతుకు ఏమయిందో, దానిమీద ఎన్ని హత్యలు, ఎన్ని ఉరితాళ్ళు వచ్చాయో ఆండ్రూస్ నివేదిక దాచకుండా చెప్పింది. ఆత్మహత్యలు స్వదేశంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మద్రాసు వైపు నుంచి వచ్చినవాళ్ళలో అవి మరీ ఎక్కువ. తోటల్లో నడిచేది హిందుస్తానీ. తెలుగువాడికి అజమాయిషీ చేసే సర్దారు మాట తెలియదు, కోర్టులో అడిగిన ప్రశ్న తెలియదు, పక్కవాడితో బాధ చెప్పుకోవడానికి నోరు రాదు. చదివే కొద్దీ నాకు కియర్స్నీ గుర్తొచ్చింది. అక్కడ రంగయ్య ఆదివారం పూట తెలుగులో మాట్లాడటమే ఎంత పెద్ద సాయమో అప్పుడు అర్థమయింది.

ఆండ్రూస్ కన్నా ముందు మాట్లాడినవాళ్ళు ఉన్నారు. ఫిజీలోనే మెథడిస్టు మిషనరీ జె. డబ్ల్యూ. బర్టన్ 1910లో పుస్తకం రాసి ఈ పద్ధతిని ఎండగట్టాడు. ఇరవయ్యొక్క ఏళ్ళు ఆ ద్వీపాల్లో గడిపి వచ్చిన తోతారామ్ సనాఢ్య 1914లో తన అనుభవాన్ని హిందీలో అచ్చువేశారు. అది ఉత్తరాదిలో కలకలం రేపింది. కాని కూలీ స్వయంగా చెప్పుకున్న మాట ఫైళ్ళలో నలిగి, కేంబ్రిడ్జిలో చదివిన తెల్ల గురువు చెప్పిన మాట వైస్రాయి బల్ల మీదికి నేరుగా వెళ్ళింది. ఇది న్యాయం కాదు. ఆండ్రూస్‌కి ఆ సంగతి తెలుసు. తన తెల్లతోలుకీ, తన గురుపట్టాకీ సర్కారు దగ్గర ఉన్న పరపతిని ఆయన దాచుకోలేదు, కూలీ తరఫున ఖర్చు పెట్టాడు.

1916 మార్చి 20న ఇంపీరియల్ శాసన మండలిలో మదన్ మోహన్ మాలవీయ ఒప్పంద కూలీ పద్ధతిని రద్దు చేయాలని తీర్మానం తెచ్చారు. వైస్రాయి హార్డింజ్ సూత్రప్రాయంగా ఒప్పుకున్నాడు. సభ సంబరపడింది. ఇక్కడే చాలామంది పుణ్యాత్ములు అలసిపోయి ఇంటికి వెళ్ళిపోతారు. ఆండ్రూస్ వెళ్ళలేదు. మరో ఐదేళ్ళపాటు ఓడలు నడపడానికి లండన్‌లో లోపాయికారీగా ఏర్పాటు జరుగుతోందని తెలియగానే దాన్ని బయటపెట్టాడు. 1917 మొదట్లో దేశమంతా సభలు జరిగాయి. మహిళలు కొత్త వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ దగ్గరికి ప్రతినిధి బృందంగా వెళ్ళారు. మే 31 లోగా ఆపకపోతే ఏం చేయాలో చేస్తామని గాంధీ గడువు పెట్టారు. మార్చిలోనే, యుద్ధకాలపు చట్టం కింద, రిక్రూట్‌మెంట్ నిలిచిపోయింది. జిల్లాల్లో కూలీలను పోగుచేసే ఏజెంట్లకి అక్కడితో పని లేకుండా పోయింది.

అప్పటికే ఫిజీలో ఉన్నవాళ్ళ సంగతి? 1917లో ఆండ్రూస్ మళ్ళీ అక్కడికి వెళ్ళాడు. పంచదార కంపెనీతో కూలి రేట్ల గురించి, సంసారులకి వేరే ఇళ్ళ గురించి, బడుల గురించి వాదించాడు. ఆస్ట్రేలియాలో ఊరూరా తిరిగి అక్కడి మహిళా సంఘాలకి ఈ కథ చెప్పాడు. వాళ్ళు ఫ్లారెన్స్ గార్నమ్ అనే ఆమెను సొంతంగా విచారణకి పంపారు. 1918లో వచ్చిన ఆమె నివేదిక ఆండ్రూస్ రాసినదాన్నే బలపరిచింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

ఆండ్రూస్ గురుత్వపు విధుల్ని చాలా ఏళ్ళు పక్కన పెట్టాడు. చర్చిలో కొందరు ఆయన్ని దారి తప్పినవాడిగా చూశారు. విశ్వాసం పోయిందనుకున్నారు. ఆయన పనిని వరసగా చదివినవాళ్ళకి అలా అనిపించదు. లండన్ వాల్‌వర్త్ మురికివాడలో యువకుడిగా మొదలుపెట్టిన సేవకీ, ఫిజీ కోర్టు రికార్డులు తిరగేయడానికీ మధ్య తెగిపోయిన దారం ఏదీ లేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో యేసు చెప్పిన ఆకలిగొన్నవాడు, పరదేశి, చెరసాలలో ఉన్నవాడు ఆయనకి ఉపమానంలో మనుషులు కారు. వాళ్ళకి ఒప్పందం నంబరు ఉంది, జిల్లా పేరు ఉంది.

ఇంత జరిగినా విశాఖ ఒడ్డున మసూలా పడవలు ఆగలేదు. ఫిజీకి వర్తించిన ఆజ్ఞ బర్మాకు వర్తించలేదు. బర్మాకు పోయేవాడు ఒప్పంద కూలీ కాదు కదా అన్నారు. మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు, ఓడ ఖర్చు పెట్టుకుంటాడు, అక్కడ పనిలో పెడతాడు, అప్పు తీరేదాకా జీతంలో కోసుకుంటాడు. కాగితం లేదు, కాబట్టి చదవడానికీ ఏమీ లేదు. రంగూన్ రేవులో సరుకు ఎత్తిదించే పనిలో అత్యధికులు ఇలా వెళ్ళిన తెలుగువాళ్ళే. 1930 మే నెలలో వాళ్ళు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఆ నెలాఖరున రంగూన్ వీధుల్లో ఏం జరిగిందో, ప్రాణాలు దక్కినవాళ్ళు ఈ తీరానికి ఎలా తిరిగొచ్చారో వచ్చే భాగంలో.